ఫొటోలో లేని అమ్మ

స్పాన్సర్‌షిప్ కార్డు చేతిలో ఇమిడేంత అట్టముక్క. ముందువైపు ఒక పాపో బాబో ఫొటో, కింద పేరు, పుట్టినతేదీ, దేశం, ఒక నంబరు. వెనకవైపు నాలుగైదు వాక్యాలు: తండ్రి లేడు, తల్లి దొరికినప్పుడు కూలికి వెళ్తుంది, ఇద్దరు తోబుట్టువులు, బొమ్మలు గీయడం ఇష్టం. అమెరికాలోనో దక్షిణ కొరియాలోనో ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వరండాలో బల్ల మీద ఇలాంటి కార్డులు పరిచిపెడతారు. వచ్చినవాళ్లు ముఖాలు చూసుకుంటూ వెళ్లి ఒకటి తీసుకుంటారు. ఆ నెల నుంచి ఇంత అని కట్టడం మొదలవుతుంది. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2017లో భారతదేశంలో పని ఆపేసేనాటికి ఆ మొత్తం నెలకు 38 డాలర్లు. అప్పటి మారకం లెక్కన రెండున్నర వేల రూపాయల దాకా.

ఆ కార్డులో తల్లికి ఒక వాక్యం దక్కుతుంది. ఫొటోలో మాత్రం చోటుండదు. బిడ్డ పక్కన అమ్మ నిలబడి ఉంటే చూసేవాడి మనసులో మొదట లేచే ప్రశ్న వేరు: ఈమెకు ఒక పని దొరికితే సరిపోదా, బాకీ తీరితే సరిపోదా? ఒంటరిగా ఉన్న పిల్ల ముఖం ఆ ప్రశ్నను రానివ్వదు. చందా వసూలుకు అది బాగా పనికొచ్చింది. కానీ గత డెబ్బై ఏళ్ల చరిత్ర చూస్తే, ఫొటో నుంచి తల్లిని తీసేసిన చోట సహాయం నుంచి కూడా తీసేశారు. తల్లిని లెక్కలోకి తీసుకున్న చోట ఫలితాలు వేరుగా ఉన్నాయి.

ఈ పద్ధతి గట్టిగా వేళ్లూనుకున్నది కొరియాలో. దానికి ముందు చైనాలో ఒక చిన్న సంఘటన ఉంది. 1947లో బాబ్ పియర్స్ అనే యువ అమెరికన్ సువార్తికుడు షియామెన్ వెళ్లాడు. అక్కడి మిషన్ స్కూలు టీచరు ఒక పాపను తెచ్చి అతని చేతుల్లో పెట్టి, ఈ పిల్ల సంగతి ఏం చేస్తావని నిలదీసింది. జేబులో మిగిలిన 5 డాలర్లు ఇచ్చి, నెలనెలా అంతే పంపుతానని మాటిచ్చాడు. వరల్డ్ విజన్ అనే క్రైస్తవ సహాయ సంస్థ తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. ఇందులో చాలామంది గమనించనిది ఏమిటంటే, ఆ పాప అనాథ కాదు. కొత్త మతం పుచ్చుకున్నానని ఇంట్లో చెప్పినందుకు తండ్రి కొట్టి వెళ్లగొట్టాడు. తర్వాత లక్షల మంది పిల్లలకు వర్తించిన నెలవారీ సహాయం మొదటి అడుగులోనే ‘అనాథ’ అన్న మాటకు సరిగ్గా అతకని బిడ్డతో మొదలైంది.

1950 జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. ఆ ఏడాదే పియర్స్ వరల్డ్ విజన్‌ను స్థాపించాడు. పిల్లల స్పాన్సర్‌షిప్ 1953లో మొదలైంది. షికాగో నుంచి వెళ్లిన ఎవరెట్ స్వాన్సన్‌ది మరో కథ. 1952లో సోల్ నగరంలో తెల్లవారుజామున మునిసిపల్ పనివాళ్లు గుడ్డపేలికల కుప్పల్లాంటివి లారీలోకి విసరడం చూశాడు. దగ్గరికి వెళ్తే అవి రాత్రి చలికి బిగుసుకుపోయిన పిల్లల శవాలు. ఇంటికి తిరిగి వెళ్లాక 35 మంది పిల్లలున్న ఒక ఆశ్రమానికి డబ్బు పంపడంతో మొదలుపెట్టాడు. 1963 నాటికి దానికి కంపాషన్ అన్న పేరు వచ్చింది.

ఆ ఇద్దరు అమెరికన్ల పేర్లు ప్రపంచమంతా తిరిగాయి. వాళ్ల పక్కనే పనిచేసిన హన్ క్యుంగ్ చిక్ పేరు కొరియా బయట అంతగా వినపడదు. ఆయన సోల్‌లోని యంగ్‌నక్ చర్చి పాస్టరు. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో 1945 చివర్లో ఆ సంఘం ఏర్పడింది. పియర్స్‌కు దుబాసీగా, దారి చూపేవాడిగా ఉన్న ఆయన్ని వరల్డ్ విజన్ ఇప్పుడు సహ వ్యవస్థాపకుడిగానే చెప్పుకుంటుంది. యుద్ధం జరుగుతుండగానే ఆ చర్చి, పియర్స్ పోగుచేసిన డబ్బుతో, తబితా పేరిట ఒక ఇల్లు తెరిచింది. అది పిల్లల ఆశ్రమం కాదు. భర్తలు పోయిన తల్లులు, వాళ్ల పిల్లలు ఒకే కప్పు కింద ఉండే చోటు. కొరియాలో ఇలాంటి వాటిని ‘మోజావన్’ అంటారు. ఆడవాళ్లు కుట్టుపని లాంటివి నేర్చుకుని నాలుగు రాళ్లు సంపాదించుకునేదాకా అక్కడ తలదాచుకునేవారు.

తబితా అన్న పేరు ఊరికే పెట్టింది కాదు. బైబిల్లో ఈమెకు దొర్కా అని మరో పేరు. మన చర్చిల్లోనూ ఆడపిల్లలకు పెట్టుకునే పేరే. ఆమె చనిపోయినప్పుడు ఊళ్లోని విధవరాళ్లంతా ఏడుస్తూ, ఆమె తమకు కుట్టిచ్చిన బట్టలు తెచ్చి చూపించారని ఆ కథ. అంటే కొరియా పాస్టరు ఆ గ్రంథంలోంచి ఏరుకున్నది తల్లుల వైపు నిలబడిన పాత్రను.

యుద్ధం ముగిసేనాటికి కొరియాలో లక్షల మంది వితంతువులు. అయినా పదేళ్లలో పెరిగినవి అనాథాశ్రమాలు. అవి వందల్లో ఉంటే తల్లీబిడ్డల ఇళ్లు పదుల్లో ఉన్నాయి. కారణం కష్టమైనదేమీ కాదు. విదేశీ డబ్బు తల లెక్కన వచ్చేది, ఆ తల పిల్లది. ఆశ్రమంలో చేరిన పిల్లకు స్పాన్సర్ దొరికేవాడు, అన్నం, బడి, మందు దొరికేవి. తల్లి దగ్గరే ఉన్న పిల్లకు అవేవీ లేవు. కూలి చేసుకుంటూ ముగ్గురిని సాకలేని తల్లి ఒక బిడ్డను ఆశ్రమం గుమ్మంలో దింపి రావడం బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఆ రోజుల్లో దొరికిన ఒకే సహాయానికి తలుపు అక్కడే ఉంది. కొన్నాళ్లకు వచ్చి తీసుకెళ్దామనుకున్న వాళ్లు చాలామందే.

అలా వచ్చేసరికి పిల్లలు లేని సందర్భాలు ఉన్నాయి. ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన రైతు దంపతులు హ్యారీ, బెర్తా హోల్ట్ మొదట నెలనెలా డబ్బు పంపే దాతలే. 1955లో అమెరికా కాంగ్రెస్ చేత ప్రత్యేక చట్టం చేయించుకుని ఎనిమిది మంది కొరియా పిల్లల్ని దత్తత తీసుకున్నారు. మరుసటేడు దత్తత సంస్థ పెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి సంస్థల ద్వారా సుమారు రెండు లక్షల మంది కొరియా పిల్లలు విదేశాలకు వెళ్లారు. అప్పటి అమెరికా వీసా నిబంధనలకు పిల్ల అనాథ అయి ఉండాలి. దాంతో తల్లి బతికే ఉన్న పిల్లకు కూడా ‘అనాథ కుటుంబ రిజిస్టరు’ అనే కొత్త కాగితం తయారయ్యేది. అందులో ఆ పిల్ల ఒక్కతే ఒక కుటుంబం, అమ్మానాన్నల గళ్లు ఖాళీ. కొరియా ప్రభుత్వ సత్య, సయోధ్య కమిషన్ 2025 మార్చిలో ఈ వ్యవహారంపై తేల్చిన విషయాల్లో ముఖ్యమైనది ఇదే: పత్రాలు మార్చారు, అనాథలు కాని వాళ్లను అనాథలుగా చూపించారు, ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. ఫిర్యాదు చేసిన 367 మందిలో ఆ విడతలో 56 మంది హక్కులకు భంగం కలిగిందని గుర్తించారు.

హోల్ట్ దంపతులు దుర్మార్గులని ఇక్కడ అర్థం కాదు. దిక్కులేని పిల్లలను, విధవరాళ్లను వాళ్ల కష్టంలో పరామర్శించడమే నిజమైన భక్తి అని యాకోబు పత్రిక చెప్పిన మాటను వాళ్లు నిజంగా నమ్మారు. ఆ వాక్యంలో ఇద్దరున్నారు. ఆచరణలోకి వచ్చేసరికి ఒకరే మిగిలారు. ద్వితీయోపదేశకాండంలో పొలంలో మరిచిపోయిన పనను, చెట్టున మిగిలిన పండ్లను పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి వదిలేయమన్న ధర్మంలోనూ వాళ్లను విడదీయలేదు. ఇంకా సూటిగా చెప్పేది ఎలీషా ప్రవక్త కథ. భర్త చనిపోయిన ఒక స్త్రీ వచ్చి, అప్పులవాడు నా ఇద్దరు కొడుకుల్ని బానిసలుగా పట్టుకుపోతున్నాడని మొత్తుకుంటుంది. ప్రవక్త పిల్లల్ని తన దగ్గర పెట్టుకుంటానని అనడు. నీ ఇంట్లో ఏముందని అడుగుతాడు. కుండెడు నూనె ఉందంటుంది. ఆ నూనె అద్భుతంగా పాత్రల నిండా పెరుగుతుంది. అది అమ్మి అప్పు తీర్చి, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండని పంపిస్తాడు. తెలుగు చర్చిల్లో ఈ భాగం మీద ప్రసంగం వినని ఆదివారం బడి పిల్లలు ఉండరు. అద్భుతం గురించి చెప్పినంతగా అప్పు గురించి చెప్పరు, అంతే.

అనాథ అన్న మాటకు ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ ఇచ్చే నిర్వచనం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరిని కోల్పోయినా, ఇద్దరినీ కోల్పోయినా అనాథే. 2015 లెక్క ప్రకారం ప్రపంచంలో అలాంటి పిల్లలు సుమారు 14 కోట్లు. ఇద్దరూ లేనివాళ్లు 1 కోటీ 51 లక్షలు. పదిమందిలో తొమ్మిది మందికి ఒకరు ఉన్నారన్నమాట. చందా విజ్ఞప్తుల్లో కనిపించేది మొదటి అంకె. చదివేవాడి మనసులో మెదిలే బొమ్మ మాత్రం రెండో అంకెలోని పిల్లది. 2009లో సేవ్ ద చిల్డ్రన్ సంస్థ ప్రచురించిన నివేదిక, సంస్థల్లో పెరుగుతున్న ప్రతి ఐదుగురు పిల్లల్లో కనీసం నలుగురికి తల్లో తండ్రో ఉన్నారని చెప్పింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఆమోదించిన మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరుచేయకూడదని స్పష్టంగా రాశాయి.

ఆ మార్గదర్శకాలు వచ్చిన నెల తిరక్కుండానే హైతీలో భూకంపం వచ్చింది. 2010 జనవరి చివర్లో పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని బస్సెక్కించుకుని డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దగ్గర దొరికిపోయారు. అక్కడ అనాథాశ్రమం పెడదామని వాళ్ల ఆలోచన. విచారిస్తే పిల్లలకు తల్లిదండ్రులున్నారు. చదువు, ఆట స్థలం ఉంటాయంటే వాళ్లే ఒప్పుకుని పంపారు. కొరియా తల్లులు ఆశ్రమం గుమ్మంలో చేసిన లెక్కే ఇక్కడా జరిగింది.

ఇదంతా చదివితే స్పాన్సర్‌షిప్ మొత్తం చెడ్డదన్న అభిప్రాయం కలగొచ్చు. అలా తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే డబ్బు వెళ్లే దారులు ఒకటి కాదు. కంపాషన్ క్రమంగా ఆశ్రమాల నుంచి తప్పుకుని, ఊళ్లోని చర్చి ఆవరణలో నడిచే కేంద్రాలకు మారింది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. బడి అయ్యాక లేదా సెలవు రోజున కేంద్రానికి వస్తుంది. భోజనం, ట్యూషన్, వైద్య పరీక్ష, ఫీజులు, యూనిఫాం, బైబిల్ పాఠం, స్పాన్సర్‌కు ఉత్తరం. వరల్డ్ విజన్ వ్యక్తిగతంగా పిల్లకు ఇవ్వడం మానేసి, ఒక ప్రాంతానికి వచ్చిన డబ్బంతా కలిపి బోర్లు, బడులు, తల్లుల పొదుపు సంఘాల మీద పెడుతుంది. కార్డు మీది పిల్ల ఆ ప్రాంతానికి ప్రతినిధి మాత్రమే. దాతకు ఈ తేడా ఎంత తెలుసన్నది వేరే సంగతి. మూడో దారిలో డబ్బు నేరుగా సంరక్షకురాలి చేతికి, అంటే చాలాసార్లు తల్లి చేతికి అందుతుంది.

మొదటి దారి గురించి గట్టి అధ్యయనం ఉంది. బ్రూస్ వైడిక్, పాల్ గ్లూయీ, లేన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు భారత్‌తో సహా ఆరు దేశాల్లో 10,144 మంది వివరాలు సేకరించి 2013లో ఫలితాలు ప్రచురించారు. పోలిక పెట్టిన తీరు తెలివైనది. ఊళ్లో కార్యక్రమం మొదలైనప్పుడు 12 ఏళ్లు దాటిన పిల్లల్ని చేర్చుకోరు. కాబట్టి అదే ఇంట్లో వయసు వల్ల అవకాశం తప్పిన అన్నకూ, అందుకున్న చెల్లికీ మధ్య తేడా చూశారు. స్పాన్సర్ ఉన్న పిల్లలు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు. హైస్కూలు పూర్తిచేసిన వాళ్ల వాటా 12 నుంచి 18 శాతం పాయింట్లు పెరిగింది. పెద్దయ్యాక జీతం ఉద్యోగం దొరికే అవకాశమూ పెరిగింది. నెలకు అంత చిన్న మొత్తానికి ఇది తక్కువ ఫలితం కాదు.

ఇక్కడ మరో మాట చెప్పుకోవాలి. ఆ పోలిక సాధ్యమైందే పిల్లలు ఇళ్లలో, తోబుట్టువుల మధ్య పెరిగారు కనుక. ఆ ఫలితాల్ని చూపించి హాస్టల్ తరహా హోమ్‌కు చందా అడిగితే అది అతకదు. సంస్థల్లో పెరగడం ఏం చేస్తుందో చెప్పే అధ్యయనం వేరే ఉంది. బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు కొందరిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలినవాళ్లను ఉన్నచోటే ఉంచి ఏళ్ల తరబడి పరిశీలించారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు తెలివితేటల్లోనూ అనుబంధాల్లోనూ మెరుగయ్యారు, అది కూడా ఎంత చిన్న వయసులో వెళ్తే అంత ఎక్కువగా. రుమేనియా ఆశ్రమాలు అతి దారుణమైనవన్న అభ్యంతరం ఒప్పుకోవాల్సిందే. మంచి హోమ్‌లూ ఉంటాయి. కానీ అందులో వార్డెన్‌కు ఎంతమంది పిల్లలు, ఆమె ఎన్నాళ్లకోసారి మారుతుంది అన్నవి అక్కడా అడగాల్సిన ప్రశ్నలే.

పిల్ల ముఖం మీద నడిచే చందాకు ఇంకో బలహీనత ఉంది. 1998లో షికాగో ట్రిబ్యూన్ విలేకరులు నాలుగు పెద్ద సంస్థల ద్వారా తామే పిల్లలకు స్పాన్సర్లుగా చేరి, వాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు. మాలీ దేశంలో ఒక పిల్ల ఎప్పుడో చనిపోయింది. ఆ తర్వాత కూడా దాతకు ఆ పిల్ల బాగోగుల గురించి కబుర్లు అందుతూనే ఉన్నాయి. ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడేవాళ్లుంటే దొర్లే పొరపాటు కాదది.

ముస్లిం సంస్థల దారి ఇక్కడ ప్రత్యేకంగా చూడదగ్గది. ఇస్లాంలో ‘యతీమ్’ అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. తల్లి ఉన్నా యతీమే. యతీముల ఆస్తి తినేయొద్దని ఖురాన్ గట్టిగా హెచ్చరిస్తుంది. అలాగే పెంచుకున్న బిడ్డకు కన్నతండ్రి పేరు తీసేసి తమ పేరు పెట్టుకోవడానికి ఒప్పుకోదు. అందువల్ల ‘కఫాలా’ అన్న ఏర్పాటు పుట్టింది. పోషణ బాధ్యత తీసుకుంటారు, వంశం పేరు ముట్టుకోరు. 1989 బాలల హక్కుల ఒప్పందంలో కూడా దత్తతతో పాటు కఫాలాకు చోటిచ్చారు. 1984లో హనీ అల్ బన్నా బర్మింగ్‌హామ్‌లో మొదలుపెట్టిన ఇస్లామిక్ రిలీఫ్ లాంటి సంస్థల అనాథ సహాయం ఈ పునాది మీదే నడుస్తుంది. నెలవారీ మొత్తం బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తుంది. కొరియాలో జరిగినట్టు కాగితం మార్చి బిడ్డను వేరే వంశంలోకి పంపడానికి ఈ నియమం అడ్డం. మత నియమాన్ని ఇరుకుగా చూసేవాళ్లు దీన్ని లోపం అంటారు. తల్లి కోణం నుంచి చూస్తే అది రక్షణ. అలాగని ముస్లిం సమాజాల్లో ఆశ్రమాలు లేవని కాదు. హైదరాబాద్ నాంపల్లిలో అనీసుల్ గుర్బా యతీంఖానా ఎప్పటి నుంచో ఉన్నదే. మార్గం తెలిసినా భవనం మీద మోజు పోదు. దాత వస్తే చూపించడానికి భవనం కావాలి, గోడకు శిలాఫలకం కావాలి. ఒక తల్లి వడ్డీవ్యాపారికి బాకీ తీర్చేసిందన్న విషయానికి శిలాఫలకం వేయలేరు.

భారతదేశంలో ఈ కథ 2017 మార్చి 15న మలుపు తిరిగింది. 1968 నుంచి ఇక్కడ ఉన్న కంపాషన్ ఆ రోజుతో తప్పుకుంది. దాదాపు లక్షా 45 వేల మంది పిల్లలకు, ఐదు వందలకు పైగా కేంద్రాలకు డబ్బు ఆగింది. అంతకు ముందు ఏడాది కేంద్ర హోంశాఖ ఈ సంస్థ పంపే ప్రతి రూపాయికీ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. మతమార్పిడికి డబ్బు వాడుతున్నారన్నది ఆరోపణ, కాదన్నది సంస్థ జవాబు. రెండు పక్షాల వాదనల్లోనూ కొంత దాటవేత ఉంది. బైబిల్ పాఠం కార్యక్రమంలో భాగమని సంస్థే దాతలకు చెప్పుకుంటుంది. దిక్కులేని తల్లికి అన్నం పెట్టే చోటు, ప్రార్థన జరిగే చోటు ఒకటే అయినప్పుడు ఆమె ఇష్టం ఎంత, మొహమాటం ఎంత అన్నది తేల్చడం తేలిక కాదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇది ఇంకో మెలిక పడుతుంది. క్రైస్తవం తీసుకున్న దళితులు చట్టం దృష్టిలో ఎస్సీలు కారు, బీసీ-సీ కిందికి వస్తారు. చర్చి కేంద్రం రిజిస్టరులో బిడ్డ పేరు ఎక్కడం ఆ తల్లికి సర్టిఫికెట్ భయాన్ని కూడా తెచ్చిపెడుతుంది. మరోవైపు ప్రభుత్వం కేంద్రాలు మూయించింది సరే, ఆ మర్నాడు ఆ పిల్లల మధ్యాహ్నం ఎలా గడిచిందన్న లెక్క ఎవరి ఫైల్లోనూ లేదు.

2020లో విదేశీ విరాళాల చట్టానికి తెచ్చిన సవరణలు తలుపును ఇంకా ఇరుకు చేశాయి. డబ్బు ముందుగా ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. పరిపాలన ఖర్చుకు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదన్నది. పట్నంలోని పెద్ద సంస్థ ఢిల్లీ, వాషింగ్టన్ కాగితాలు చూసుకుంటే, పల్లెలోని చిన్న సంఘం ఇళ్లకు తిరిగేది. ఆ లంకె తెగింది. వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్ కూడా 2024 జనవరిలో రద్దయింది.

తెలుగునాట తల్లీబిడ్డల్ని విడదీయకుండా విదేశీ స్పాన్సర్‌షిప్ ఎలా నడపొచ్చో చూపించిన పెద్ద ఉదాహరణ అనంతపురంలోనే ఉంది. జెసూట్ అనే కాథలిక్ సభకు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి చేరి, తర్వాత ఆ సభ నుంచి బయటికొచ్చి, స్పెయిన్ నుంచి వేలాది దాతల నెలవారీ చందాలతో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ)ను నిలబెట్టాడు. స్పెయిన్ దాతకు ఒక పిల్ల పేరు, ఫొటో, ఉత్తరం అందేవి. డబ్బు మాత్రం ఊరి ఇళ్లకు, ఆసుపత్రికి, సాగునీటికి, ఆడవాళ్ల సంఘాలకు వెళ్లేది. పిల్ల తన ఇంట్లోనే ఉండేది. మతం పేరు మీద నడిచే సంస్థ కాకపోయినా, దాని వేర్లు ఎక్కడివో దాచుకునే అవసరం దానికి రాలేదు.

ఇటు కోస్తా జిల్లాల్లో, ఒక్కో పాస్టరు ఇంటి వెనక రెండు గదులు వేసి నడిపే చిల్డ్రన్ హోమ్‌లు వేరే రకం. ఎయిడ్స్ మరణాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలకు నిజంగా ఆసరా అయిన హోమ్‌లున్నాయి. వాటిని ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ పండక్కి ఏ హోమ్‌కు వెళ్లినా ఒక సంగతి తెలుస్తుంది: అమ్మలు వచ్చి పిల్లల్ని ఇళ్లకు తీసుకెళ్తుంటారు. సెలవులకు ఇంటికి వెళ్లగలిగిన పిల్లను మిగతా పది నెలలు హోమ్‌లో ఉంచుతున్నది ఎందుకని దాత అడగడు, ఎందుకంటే అతను వచ్చేది క్రిస్మస్‌కు ముందు, పిల్లలంతా వరసలో నిలబడి పాట పాడేటప్పుడు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి హోమ్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రతి బిడ్డనూ జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇందులో నేరుగా పట్టే ఒక నియమం ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఉంటే విదేశీ విరాళమే. సొంత ఊరి హోమ్‌కు నెలనెలా పంపుతున్నవాళ్లలో పౌరసత్వం మారిన సంగతి హోమ్ నడిపేవాళ్లకు చెప్పనివాళ్లున్నారు. చిక్కు వస్తే పడేది హోమ్ మీద.

ప్రభుత్వం తన వంతుగా ఏం ఇస్తోందో చూస్తే, 38 డాలర్ల లెక్క కొత్తగా కనిపిస్తుంది. కేంద్రం 2022లో తెచ్చిన మిషన్ వాత్సల్య కింద, తల్లి వితంతువో, విడాకులు పొందినదో, వదిలివేతకు గురైనదో అయితే, బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. చర్చి కార్డుల మీద ఉన్న పేరే దీనికీ పెట్టారు: స్పాన్సర్‌షిప్. దానికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వితంతు పింఛను 4,000 రూపాయలు. తెలంగాణలో 2,016. కాగితం మీద ఆంధ్రాలో ఒక్క బిడ్డ ఉన్న వితంతువుకు నెలకు 8,000 దాకా అందే వీలుంది, ఒకప్పటి విదేశీ స్పాన్సర్ పంపినదానికి మూడింతలు.

కాగితం దాటి చేతికి రావడమే కష్టం. భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతా, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఇంటికి వచ్చి చూసి రాసే సామాజిక నివేదిక, ఆపై జిల్లా కమిటీ మంజూరు. వలస వెళ్లిన చోట భర్త చనిపోతే మొదటి పత్రం దగ్గరే ఏడాది గడిచిపోతుంది. ఇన్ని కార్యాలయాలు తిరగాలంటే కూలి పోతుంది. ఆ తిరుగుడు ఆమె తరఫున తిరిగే మనిషి ఉండాలి. చర్చి కేంద్రాల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ పదేళ్లు పనిచేసి, ప్రతి ఇంటి బాకీ, ప్రతి పిల్ల తరగతి నోటికి తెలిసిన కార్యకర్తలు సరిగ్గా ఈ పనికి సరిపోతారు. వాళ్లకిచ్చే జీతం మాత్రం పిల్ల ఫొటో కింద రాసుకునే ఖర్చు కాదు. ఆడిటర్ దగ్గరికి వెళ్లేసరికి అది కార్యక్రమ ఖర్చో, 20 శాతంలోకి వచ్చే పరిపాలన ఖర్చో అన్న తర్జనభర్జన ఏటా ఉంటుంది. ముందు కోత పడేది ఆ పద్దు మీదే.